మామకు డూటీ వేసిన అల్లుడు

చొప్పదండి నాగయ్య అల్లుడు హనుమండ్లుకి ఒక్కటే జబ్బు. ఏ వస్తువైనా, ఏ మనిషైనా ఒకే ఒక్క పని చేసి ఊరుకుంటే అతను ఓర్చుకోలేడు. చెంబు ఉన్నది నీళ్లు తాగడానికే అంటే ఒప్పుకోడు. అందులో నిప్పులు పోసి అంగీ ఇస్త్రీ కూడా చెయ్యాలి. అతని దృష్టిలో లోకంలో పాపాలు రెండే. ఒకటి వస్తువును పాడు చేయడం, రెండోది దానితో ఒక్క పనే చేయించడం. మొదటి పాపాన్ని అతను అప్పుడప్పుడు క్షమించేవాడు.

ఈ జబ్బు సంగతి నాగయ్యకు పెండ్లి పందిట్లోనే తెలిసింది. అప్పటికి పుస్తె కట్టడం అయిపోయింది కాబట్టి చేసేదేమీ లేకపోయింది. తలంబ్రాలు పోసుకుంటుంటే పెండ్లికొడుకు తన కండువాను వెనక్కి పరిచి, కింద పడే బియ్యాన్ని అందులోకి తోసుకుంటున్నాడు. అయ్యగారు మంత్రం ఆపి మరీ చూశాడు.

"ఏం చేస్తున్నవు అల్లుడా?" అన్నాడు నాగయ్య, పండ్ల బిగువున.

"ఊకె కింద పడుతున్నయి మామా. పెండ్లి పని అయిపాయె. ఇగ రాత్రి బువ్వకు పనికొస్తయి. పసుపు గూడ కలిపే ఉన్నది, పులిహోరకు తయార్."

నాగయ్య భార్య దేవవ్వ మురిసిపోయింది. "పొదుపరి పిల్లగాడు."

"పొదుపు గాదే," అన్నాడు నాగయ్య. "పిచ్చి."

నాగయ్యది మగ్గం బతుకు. హనుమండ్లుదీ అంతే. నిజాం పోయాడు, హైదరాబాదు రాష్ట్రం వచ్చింది, అదీ పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది. చొప్పదండి మగ్గాలకు మాత్రం నూలు రాలేదు. చేతిలో పనితనం ఉన్న మగవాళ్లంతా బొంబాయి బట్టల మిల్లులకు దారి పట్టారు. పెండ్లాం పిల్లలను ఊళ్లో ఉంచి, అక్కడ పదిమంది ఒక గదిలో పండుకుని, ఖానావళిలో తిని, ఏడాదికోసారి వచ్చి తమ పిల్లలకు తమను పరిచయం చేసుకుని వెళ్లేవాళ్లు. హనుమండ్లు కూడా వెళ్లాడు. కానీ రెండేళ్లు తిరగకుండానే వచ్చి, భార్య బాలలక్ష్మినీ ఇద్దరు పిల్లలనూ తీసుకుపోతానని కూర్చున్నాడు.

"ఒక్క జీతం," అన్నాడు నాగయ్య. "బొంబాయిల గాలి తప్ప అన్నీ కొనుడేనట. నలుగురు ఎట్ల బతుకుతరు?"

"అందుకే తీస్కపోతున్న మామా. ఒక్క జీతం రెండు ఇండ్లను సాకుడు ఎట్లయితది? నేను ఒక్కన్ని ఖానావళిల తినే పైసలతోని బాలలక్ష్మి నలుగురికి వండుతది. రూపాయి గూడ రెండు పనులు చెయ్యాలె గద!"

అలా హనుమండ్లు సంసారం బొంబాయి చేరింది.

మరుసటి ఏడు నాగయ్య కొడుకు రాయమల్లు, అక్కను చూసి పది రోజులుండి వస్తానని బయల్దేరాడు. నాలుగో రోజే తిరుగు బండి ఎక్కాడు.

"బొంబాయి ఎట్లున్నదిరా?" అన్నాడు నాగయ్య.

"బొంబాయి నాకు తెల్వది బాపూ. నేను బావ ఇంట్ల ఉన్న."

"అక్క మంచిగున్నదా?"

"అక్క మంచిగనే ఉన్నది. వాళ్లింట్ల బట్టల సందుగ పెట్టెను చూస్తెనే పాపమనిపిచ్చింది. పొద్దుగాల అది పిల్లలు రాసుకునే బల్ల. పగటీలి బువ్వ తినే పీట. రాత్రి తలుపుకు గడియ లేదని దానికి అడ్డం పెట్టే బండ."

"మరి బట్టలు ఎక్కడ పెడుతర్రా?" అంది దేవవ్వ.

"నా కింద. చాప మెత్తగున్నది, బావ మర్యాద చేసిండనుకున్న. ఎత్తి చూస్తె ఆయన అంగీ, లాగు. 'బామ్మర్దీ, కదలకుంట పండుకో, బొర్లితె మడత చెడిపోతది' అన్నడు."

"కదలలేదా?"

"ఎట్ల కదుల్తనే అవ్వా? తెల్లారి ఆయన డూటీకి పోవాలె గద!"

సముద్రమన్నా చూశావా అని అడిగారు. చూశాడట. హనుమండ్లే దగ్గరుండి చూపించాడట. అలలు చూసి నోరు తెరిచి నిలబడితే, "చూసుడైపాయె గద, ఇగ గిన్నెలు తోమేటందుకు జర ఇసుక ఎత్తుకో" అని ఒక సంచి నింపి నెత్తికెత్తాడట. సముద్రం మాట ఎత్తితే రాయమల్లుకి ఇప్పటికీ మెడ నొస్తుంది.

చొప్పదండి పగలబడి నవ్వింది. నాగయ్య నవ్వలేకపోయాడు. నవ్వే ఊరికి అల్లుడు ఒక కథ, నాగయ్యకు మాత్రం అల్లుడే.

తర్వాతి వానకాలంలో బాలలక్ష్మి ఎవరితోనో రాయించిన కార్డు వచ్చింది. కార్డు కాబట్టి నాగయ్య చేతికి వచ్చేలోగా సగం ఊరు చదివేసింది.

"బాపుకు దండాలు. గిన్ని రోజులు వస్తువులతోని రెండు పనులు చేయించిండు, ఓర్చుకున్న. ఇప్పుడు ఒక ఆడామెను, ఆమె చంటిపిల్లను ఇంట్లకు తెచ్చిండు. నా పెండ్లి చీరె అడ్డం కట్టి అర గది ఆమెకిచ్చిండు. గది ఒక్క కుటుంబానికే పనిచేస్తున్నదట, దానికి గూడ రెండో డూటీ ఏసిండట. నన్ను ఒక్క మాట అడగలే. వచ్చి నన్ను, పిల్లలను తీస్కపో."

కార్డు అంచున, మిగిలిన వేలెడు జాగాలో, వేరే చేతిరాత ఉంది.

"మామకు హనుమండ్లు దండాలు. కార్డుల జాగ ఊకె పోతున్నదని రాస్తున్న. పైన ఏం రాసి ఉన్నదో నేను చదవలే, ఒకల ఉత్తరం చదువుడు తప్పు. నువ్వు వస్తె జొన్నపిండి తెచ్చేది."

నాగయ్య ఆ కార్డును మూడుసార్లు చదివించుకున్నాడు. తన మీద ఫిర్యాదు పోతుంటే దాని అంచున పిండి అడిగిన మనిషిని అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఉన్న రెండు మేకలనూ అమ్మి, తను పోవడానికీ, బిడ్డతోనూ పిల్లలతోనూ తిరిగి రావడానికీ సరిపడా డబ్బు నడుముకు కట్టుకున్నాడు. జొన్నపిండి మూట కూడా నెత్తికెత్తుకున్నాడు. అల్లుడు అడిగాడని కాదు, బిడ్డ తింటుందని.

మూడు బండ్లు మారి, రెండు రోజులకు బొంబాయి దాదరు స్టేషనులో దిగాడు. వస్తున్నానని ముందే కార్డు రాయించాడు కాబట్టి హనుమండ్లు ఎదురొచ్చి కాళ్లకు మొక్కి, పిండి మూట తన నెత్తికెత్తుకున్నాడు. నాగయ్య మనసు కొంచెం మెత్తబడింది. రెండు వీధులు దాటారో లేదో ఒక చౌక బియ్యం దుకాణం ముందు హనుమండ్లు ఆగిపోయాడు. చాంతాడంత వరుస ఉంది.

"మామా, జర గీడ నిలబడు. నాకు డూటీకి టైమైతున్నది. నీ వంతు వచ్చేవరకు బాలలక్ష్మి పైసలు పట్టుకొని వస్తది."

"నేను ఇప్పుడే బండి దిగిన్రా!"

"ఔ గద! రెండు దినాలు కూసొని కూసొని కాళ్లు పట్టేసి ఉంటయి. నిలబడితె కాళ్లకు మంచిది, బియ్యం గూడ వస్తయి."

ఏమనాలో నాగయ్యకు తోచేలోగా అల్లుడు మలుపు తిరిగిపోయాడు. తండ్రీబిడ్డలు ఏడాదిన్నర తర్వాత ఆ వరుసలో కలుసుకున్నారు. బాలలక్ష్మి ఏడవబోయింది గానీ, ముందుకు జరగమని వెనకనుంచి మరాఠీలో ఎవరో కసిరారు. బిడ్డను తీసుకుపోదామని వచ్చిన తండ్రి, ఆ బిడ్డ ఇంటికి బియ్యం మోసుకుంటూ మూడో అంతస్తు ఎక్కాడు.

మిల్లువాళ్లు ఉండే ఆ మేడలను చాళ్లంటారు. ఒక వరండా, దాని వెంట వరుసగా ఇరవై గదులు, అందరికీ కలిపి ఒక్క నల్లా. హనుమండ్లు గది పది అడుగుల పొడుగు, అంతే వెడల్పు. దాని నడిమధ్య కుంకుమరంగు చీరె వేలాడుతోంది. నాగయ్య గుమ్మంలోనే నిలబడిపోయాడు. అది తను పదకొండు రోజులు కూర్చుని బిడ్డ పెండ్లికి స్వయంగా నేసిన చీరె. దాని అవతల ఒక పడుచు ఆడమనిషి చంటిపిల్లను ఒడిలో వేసుకుని కూర్చుని ఉంది. పేరు శంకరవ్వ, ఊరు భైంసా.

హనుమండ్లు డూటీ దిగి వచ్చాక నాగయ్య అందుకున్నాడు. "నా చేతి చీరెను అడ్డ గోడ చేసినవారా?"

"గోడ గాదు మామా. ఏడేండ్ల సంది మూటల పండుకొని ఉన్నది, ఒక్క పని చేస్తలేదు. ఇప్పుడు జర గాలి తాకుతున్నది, పురుగు పట్టది. ఎంత మంచిగ నేసినవో అందరు చూస్తున్నరు గూడ."

పొగిడాడో, తిట్టాడో నాగయ్యకు అంతుపట్టలేదు.

మర్నాడు తెల్లవారక ముందే ఎవరో తలుపు కొట్టారు. "హనుమండ్లూ, ఉఠో!" ఒక ముసలాయన వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. హనుమండ్లు లేచి, అతనికి చాయ్, రాత్రి మిగిలిన రొట్టె ఇచ్చాడు.

"ఎవలు గాయన?"

"మా గడియారం మామా. ఫజలుద్దీన్ చాచా, కరీంనగరాయన. కండ్లు మసకబడి మిల్లు పని పోయింది. నమాజుకు ఎట్లయినా లేస్తడు. లేచినోడు ఊకె ఉండుడెందుకని నన్ను లేపే పని ఇచ్చిన. గడియారం కొనాలంటె మాటలా? ఒక చాయ్, ఒక రొట్టె, ఐపాయె."

అంతలో మిల్లు కూత వేసింది. గిన్నెలు గలగలలాడాయి. పిల్లలు ఉలిక్కిపడి లేచారు. చూరు మీది పావురాలు ఒక్కసారిగా ఎగిరిపోయాయి.

"గీ కూతకు సచ్చినోడు గూడ లేస్తడు గద! మళ్ల గడియారమెందుకు?"

"అది మిల్లుది మామా," అన్నాడు హనుమండ్లు తల గీరుకుంటూ. "మనకంటూ సొంతం ఒకటి ఉండద్దా?"

రోజూ చాయ్ తాగే గడియారాన్ని నాగయ్య చొప్పదండిలో చూడలేదు. బొంబాయిలో ధరలు మండిపోతున్నాయని విన్నాడు గానీ, మెదళ్లు కూడా మండిపోతాయని అప్పుడే తెలిసింది.

అల్లుడు డూటీకి పోగానే బిడ్డను వరండాలోకి పిలిచాడు. "గామెను ఏం పనికి తెచ్చిండు బిడ్డా?"

"ఎవలికి తెలుసు? ఒక్కో దినం ఒక్కో పని చెప్తడు. పిల్లలను చూస్తదన్నడు. పిల్లలు బడికి పోతున్నరు గద అన్న. అయితె నాకు మరాఠీ నేర్పిస్తదన్నడు. ఆమె మంచిదే బాపూ, నా కోపం ఆమె మీద గాదు. వచ్చేదే ఒక్క జీతం. ఇరవై తారీఖు వచ్చేవరకు డబ్బల పప్పు అడుగంటుతది. గింత ఇంట్ల పనిమనిషా? నన్ను ఒక్క మాట అడగద్దా?"

"మూట కట్టు. రేపు బండి," అన్నాడు నాగయ్య.

బాలలక్ష్మి బిందె తీసుకుని నల్లా దగ్గరికి దిగింది. లోపల శంకరవ్వ నాగయ్య తెచ్చిన పిండితో రొట్టె కొడుతోంది. రెండు అరచేతుల మధ్య రొట్టె గిరగిరా తిరుగుతూ పెరుగుతోంది. వేడిది ఒకటి తెచ్చి పెట్టింది. నాగయ్య తుంచి చూశాడు. అంచు దగ్గర ఎంత పలుచనో నడుమా అంతే పలుచన. నేతగాడు కాబట్టి వేళ్లతో తడిమి, వెలుతురుకు పట్టి మరీ చూశాడు. మూడు రొట్టెలు తిన్నాక గానీ అసలు సంగతి గుర్తుకు రాలేదు.

"ఏమవ్వా, మా అల్లుడు నీకు ఎంత జీతమిస్తుండు?"

"జీతమా?" శంకరవ్వ గుమ్మం వైపు చూసింది. "అక్కకు చెప్పనంటె ఒక మాట చెప్త బాపూ."

"చెప్ప, మాటిస్తున్న."

"మా ఆయన పేరు అంతయ్య. మిల్లుల హనుమండ్లన్న మగ్గం పక్క సాంచెనే ఆయనది. దగ్గు పట్టి క్షయ దవాఖానల పండిండు. నయమైతది గని ఆరు నెలలు పడుతదన్నరు. మాతోని గదిల ఉన్నోళ్లు భయపడి నన్ను ఎల్లగొట్టిండ్రు. భైంసా పోదామంటె ఆడ ఎవ్వలున్నరు? మిల్లు గేటుకాడ ఏడ్సుకుంట నిలబడితె హనుమండ్లన్న వచ్చి, 'మా ఇంట్ల పనిమనిషి కావాలె, వస్తవా?' అన్నడు. మస్తు పెద్దిల్లు ఉన్నదేమో అనుకొని వచ్చిన." ఆమెకు నవ్వు ఆగలేదు. "వచ్చి చూస్తె పని చేస్తందుకు జాగనే లేదు!"

నాగయ్య చేతిలో రొట్టె చేతిలోనే ఉంది.

"రెండు దినాలకు నాకే సిగ్గనిపిచ్చింది. 'అన్నా, నన్ను పాపమని ఊకె పెట్టుకున్నవు గద' అన్న. కోపమైండు. 'ఊకె పెట్టుకునుడు మా ఇంట్ల లేదు. ఊకె తింటున్న అనుకుంటె నీకు ముద్ద దిగది. పనికున్న అనుకో, దిగుతది. పని ఏందో నేను సోంచాయించి చెప్త' అన్నడు. రోజు పొద్దుగాల ఒక కొత్త పని సోంచాయిస్తడు పాపం. నిన్న ఏం దొరకలేదట, పావురాలను ఎల్లగొట్టుమన్నడు."

గుమ్మంలో బిందె కింద పెట్టిన చప్పుడైంది. బాలలక్ష్మి ఎప్పుడొచ్చిందో, కొంగు నడుముకు దోపుకుని నిలబడి ఉంది.

"అక్కా..." అని శంకరవ్వ లేవబోయింది.

"నువ్వు కూసో," అంది బాలలక్ష్మి. "నిన్ను గాదు నేను అడిగేది."

సాయంత్రం హనుమండ్లు గుమ్మంలో అడుగు పెట్టేసరికి ముగ్గురూ అతన్నే చూస్తున్నారు. అతను వెనక్కి తిరిగి, ఇంకెవరైనా వచ్చారేమోనని చూశాడు.

"శంకరవ్వను ఏం పనికి తెచ్చినవు?" అంది బాలలక్ష్మి.

"పనికే. మస్తు పనులు ఉన్నయి."

"ఒక్కటి చెప్పు."

హనుమండ్లు గది నాలుగు మూలలూ చూశాడు. చూరు చూశాడు. పావురాలు కూడా లేవు. సందుగకు మూడు పనులూ బావమరిదికి రెండు పనులూ చిటికెలో చెప్పిన మనిషి నోట ఒక్క పని కూడా రాలేదు.

"పాపమని తెచ్చిన అని నాతోనన్న చెప్పద్దా?" బాలలక్ష్మి గొంతు పెరిగింది. "నేను వద్దంటననుకున్నవా? గంత రాతిగుండె దాన్నా?"

"వద్దనవు," అన్నాడు హనుమండ్లు నేల చూస్తూ. "నాకు తెలుసు వద్దనవు. అదే పరేషాన్. పాపమని చెప్తె నువ్వు నీ రొట్టె సగం తుంచి ఆమెకు పెట్టి, నాకు ఆకలైతలేదంటవు. కిందటేడు పిల్లలకు జరమొచ్చినప్పుడు గట్లనే చేసినవు. పనిమనిషంటె కోపమొస్తది. కోపమొస్తె నువ్వు కడుపునిండ తింటవు." మెల్లగా అన్నాడు. "గీ నెల రోజు ఒక రొట్టె ఎక్కువనే తిన్నవు."

ముందు నాగయ్యకే నవ్వు పొర్లుకొచ్చింది.

"చూసినవా బిడ్డా! నీ కోపానికి గూడ డూటీ ఏసిండు! నేను వీన్ని పిసినారి అనుకున్న. పిసినారి గాదు, పక్కా అబద్ధాలకోరు."

బాలలక్ష్మి నవ్వలేదు. నవ్వు దాచుకోవడానికి మొగుడి మీద ఇంకా గట్టిగా అరిచింది. "ఇగ నువ్వు సోంచాయించుడు బంద్ చెయ్యి. పని నేను చెప్త. కరీంనగర్ దిక్కు మిల్లు పిల్లగాండ్లు గీ చాల్ల ముప్పై మంది ఉన్నరు. ఖానావళి బువ్వ తిని మొఖాలు పీక్కపోయినయి. శంకరవ్వ రొట్టె కొడతది, నేను కారం నూరుత, కూర వండుత. వచ్చింది సగం సగం. ఏం శంకరవ్వా?"

"ఔనక్కా," అంది శంకరవ్వ, ఈసారి కండ్లు తుడుచుకుంటూ.

"రొట్టె సంగతి నేను చెప్త," అన్నాడు నాగయ్య. "రొట్టె గాదది. నూరో నంబరు సన్న నూలుతోని నేసిన బట్ట."

హనుమండ్లు ఏదో అనబోయాడు. "నువ్వు మాట్లాడకు" అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

"మరి మూట కట్టినవా బిడ్డా?" అని అడిగాడు నాగయ్య, జవాబు తెలిసి కూడా.

"ఏం మూట?" అంది బాలలక్ష్మి.

నాలుగు రోజుల్లో పన్నెండు మంది రొట్టెకు కుదిరారు. ఇంట్లో ఉన్న చిన్న పెనం మీద ఒక్కొక్కటే కాలుతుంటే, మిల్లు కూత వేసినా వరండాలో సగం మంది ఆకలితోనే కూర్చుని ఉంటున్నారు. ఊరికి పోయే రోజు నాగయ్య నడుముకు కట్టుకున్న డబ్బు విప్పాడు. బిడ్డకూ పిల్లలకూ టికెట్లు కొనాలని తెచ్చిన డబ్బు అలాగే ఉంది. అల్లుణ్ణి వెంటబెట్టుకుని ఇనుప సామాన్ల బజారుకు పోయి, ఒకేసారి మూడు రొట్టెలు పట్టేంత పెనం బేరమాడి కొన్నాడు. బండి చక్రమంత ఉంది.

"మామా, గింత ఖర్చెందుకు?" అన్నాడు హనుమండ్లు.

"నోర్ముయ్. మేకలు నావి."

బజారు నుంచి స్టేషనుకు బయల్దేరారో లేదో ఆకాశం చిల్లు పడినట్టు వాన అందుకుంది. తల దాచుకోవడానికి అరుగు కూడా లేదు. హనుమండ్లు క్షణం కూడా ఆలోచించలేదు. పెనాన్ని రెండు చేతులతో ఎత్తి మామ తల మీద పట్టాడు. చినుకులు దాని మీద టంగుటంగుమని మోగాయి. తను మాత్రం నిలువునా తడిసిపోతున్నాడు.

"రొట్టెలు కాల్చుతందుకు కొనిస్తె గిదేం పనిరా!"

"ఇంక పొయ్యి ఎక్కలే గద మామా. గప్పటిదాంక అది ఖాళీనే."

పది అడుగులు నడిచేసరికి బరువుకు అల్లుడి చేతులు వణకసాగాయి. "మామా," అన్నాడు మెల్లగా, "నువ్వు గూడ ఊకెనే నడుస్తున్నవు గద?"

తిట్టడానికే నాగయ్య నోరు తెరిచాడు. నవ్వొచ్చింది. తన బట్టల సంచిని చంకలో ఇరికించుకుని, అల్లుణ్ణి పెనం కిందికి లాక్కుని, దాని రెండో అంచు తను పట్టుకున్నాడు. దాదరు స్టేషను దాకా ఇద్దరూ అలాగే నడిచారు.